కుక్క గుండెజబ్బూ – మన మానవతావాదమూ

కుక్కకు గుండెజబ్బు వస్తే మందిప్పించడం నీతా, విలాసమా? యీ ప్రశ్నను యిలాంటి పత్రికలో చర్చకు పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. కౌలు రైతు అప్పు, ఉద్యోగం లేని పట్టభద్రుడు, మూతబడ్డ మిల్లు – యిన్ని సమస్యలు ముందుండగా కుక్క గొడవ మనకెందుకని అడిగే మిత్రులు తప్పక వుంటారు. సరిగ్గా ఆ అడగడం వల్లనే యీ చర్చ అవసరమవుతున్నది. ఆ మిత్రులు నిజానికి మాట్లాడుతున్నది కుక్కను గురించి కాదు. ఏ ప్రాణి బతకడానికి యోగ్యమైనది, ఆ యోగ్యతను దేనితో కొలవాలి అన్న విషయాన్ని గురించి. ఆ కొలబద్ద మనదా, మనం ఎదిరిస్తున్నవాళ్లదా అన్నది తేల్చుకోవలసి వుంది.

మాట గాలిలో పోకుండా ఒక కుటుంబాన్ని వూహించుకుందాం. కాజీపేటలో రైల్వే పని చేసి రిటైరయిన ఒక కార్మికుడు, ఆయన భార్య. పిల్లలు ఎక్కడో ఉద్యోగాలలో వున్నారు. యింట్లో పదేళ్ల కుక్క, చిన్నజాతిది, ఒకటి వుంది. అది కొంతకాలంగా రాత్రిళ్లు దగ్గుతున్నది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నది. ఒకనాడు వాకిట్లోనే సొమ్మసిల్లి పడిపోయింది. పశువైద్యుడు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. ఎక్స్‌రే, ఎకో తీయించాడు. గుండె ఎడమభాగంలో, పై గదికీ కింది గదికీ నడుమ వుండే కవాటం దళసరెక్కి, సరిగ్గా మూసుకోవడం లేదు. గుండె ముడుచుకున్నప్పుడల్లా ముందుకు పోవలసిన రక్తంలో కొంత వెనక్కు తన్నుతున్నది. ఆ పోటుకు గుండె పెరుగుతుంది; చివరకు వూపిరితిత్తులలో నీరు చేరుతుంది. వయసు మళ్లిన చిన్నజాతి కుక్కలకు అన్నిటికంటె ఎక్కువగా వచ్చే గుండెజబ్బు యిదే.

దీనికి మందు వుంది గాని, మందుతో పూర్తిగా నయం కావడం లేదు. పిమోబెండాన్ అనే మాత్ర గుండె ముడుచుకునే బలాన్ని పెంచి, రక్తనాళాలను సడలిస్తుంది. నీరు చేరితే ఫ్రూసెమైడ్ యివ్వాలి – ఆయాసానికి, కాళ్లవాపుకు మనుషులకు యిచ్చే నీటిమాత్ర అదే. గుండె పెరిగిన కుక్కకు ఆయాసం మొదలుకాకముందే పిమోబెండాన్ యిస్తే, జబ్బు ముదిరే రోజు సుమారు 15 నెలలు వెనక్కు జరుగుతుందని 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. మిగిలినదంతా యింటి చాకిరి. పూట తప్పకుండా మాత్ర వెయ్యాలి. ఊరగాయ, అప్పడం, ఎండుచేప దానికి అందనివ్వకూడదు. నీటిమాత్రతో దాహం పెరుగుతుంది గనుక నీళ్ల గిన్నె ఎండనివ్వకూడదు. అది నిద్రపోయేటప్పుడు పక్కన కూచుని, నిమిషానికి ఎన్ని వూపిరులు తీస్తున్నదో లెక్కపెట్టాలి. ఆ లెక్క 30 దాటి అలాగే నిలిస్తే నీరు చేరుతున్నదేమోనని అనుమానించాలి. యింత చేసినా దక్కేది కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో. పింఛనులోంచి నెలనెలా డబ్బు పోతుంది. అది చూసి పక్కింటాయన అంటాడు: "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు గుండె మాత్రలా?"

యీ మాటను తేలిగ్గా కొట్టివెయ్యడానికి వీలులేదు. దాని వెనక న్యాయమైన కోపం వుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక వాచ్‌మన్ కొడుకు వీధికుక్కల పాలయ్యాడు. అదే సంవత్సరం మే నెలలో మన కాజీపేటలోనే, పొట్టకూటికి ఉత్తరాది నుంచి వచ్చిన ఒక కుటుంబపు పిల్లవాడు వీధికుక్కలు కరచి చనిపోయాడు. ఆ పిల్లలిద్దరూ ఎవరి పిల్లలో గమనించాలి. ఒకడు కాపలా కాసేవాడి బిడ్డ; మరొకడు వలస వచ్చినవాడి బిడ్డ. ప్రహరీగోడలున్న యిళ్ల పిల్లలు కాదు. ఆ గోడల లోపల ఖరీదైన జాతికుక్క చలువగదిలో పడుకుంటుంది. దాన్ని పొద్దున్నే తిప్పుకువచ్చే పనివాడు గేటు పక్కన రేకుల కింద పడుకుంటాడు. గడీల కథలు విని పెరిగిన తెలంగాణా మనిషికి కుక్క అంటే దొర గుమ్మం ముందు కట్టేసి వున్న భయం కూడా. యిది చూసినవాడికి కుక్క మాత్రల మీద మండుకు రావడం సహజం. అది వర్గద్వేషమే, దాన్ని మనం తప్పు పట్టనక్కరలేదు.

కోపం న్యాయమైనదే. కాని ఆ కోపం యిచ్చిన తీర్పు న్యాయమైనదేనా? ఆ తీర్పు వెనక ఒక లెక్క వుంది. దయ అనేది గాదెలో ధాన్యం లాంటిదనీ, కుక్కకు ఒక మానెడు కొలిస్తే మనిషికి ఒక మానెడు తగ్గుతుందనీ ఆ లెక్క సారాంశం. యిది నిజమైతే, ఆ రిటైరయిన కార్మికుడు మాత్రలు మానేసిన మరునాడు ఎక్కడో ఒక పసిబిడ్డ గుండెకు చికిత్స జరగాలి. జరగదు. ఆ డబ్బు తిరిగి బజారులోకే పోతుంది. గుండెలో రంధ్రంతో పుట్టిన పేదబిడ్డకు ఆపరేషను ఎలా అందుతుంది? 2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ ప్రారంభమయి, గుండె ఆపరేషన్లను అందులో చేర్చినందువల్ల ఎందరికో అందింది. తెలంగాణాలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆ పథకంలో లోపాలు లేవని కాదు. ప్రజాధనం ప్రైవేటు ఆసుపత్రులకు ప్రవహించే తీరును గురించి మనం చెయ్యవలసిన విమర్శ చాలా వుంది. కాని బిడ్డ గుండె ప్రభుత్వ బడ్జెటులో తేలే విషయం గాని, పక్కింటి కుక్క గిన్నెలో తేలే విషయం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది. కొరత ఎక్కడ తయారవుతున్నదో చూడకుండా, దానికి ఒక పింఛనుదారుణ్ణి ముద్దాయిగా నిలబెట్టడం పాలకులకు ఎంతో అనుకూలమైన తర్కం.

మరొక సంగతి. అదే కార్మికుడు మనుమరాలి పెళ్లికి నగలు చేయిస్తే, పక్కింటాయన "మనుషులకే దిక్కు లేదు" అనడు. అయిదేళ్ల కిందట అదే కుక్క రాత్రంతా మొరిగి దొంగలను తరిమినప్పుడు, దానికి పెట్టే అన్నానికి ఎవరూ లెక్క అడగలేదు. లెక్క అడగడం ఎప్పుడు మొదలయింది? కుక్క కాపలాకు పనికిరాకుండా పోయినప్పుడు. కాబట్టి ఆ వాదానికి అసలు కొలబద్ద మనిషి అవసరం కాదు, ప్రాణి ఉపయోగం. పనికొచ్చే ప్రాణికి పెట్టే తిండి పెట్టుబడి, పనికిరాని ప్రాణికి పెట్టే తిండి దండుగ.

యీ కొలబద్దను మనం బాగా ఎరుగుదుం. కాలు విరిగిన ఎద్దును, వట్టిపోయిన బర్రెను సంతకు తోలించేది యిదే. రైతు దుర్మార్గుడై తోలడు. పాలివ్వని గొడ్డును మేపే శక్తిని అతనికి ఎవరూ మిగల్చలేదు. కాని యిదే కొలబద్ద మనిషి దాకా వచ్చిన ఉదాహరణ మన వూళ్లోనే వుంది. 1934లో నిజాం పాలనలో వెలసి, వరంగల్లు బతుకును మలచిన ఆజంజాహి మిల్లు 2002లో మూతబడింది. నష్టం వస్తున్నదన్నారు, నడపడం దండుగ అన్నారు. అలాంటి లెక్కల పుస్తకంలో మగ్గానికి ఒక పద్దు వుంటుంది, మనిషికి ఒక పద్దు వుంటుంది. ఏళ్ల తరబడి పత్తిధూళి పీల్చిన వూపిరితిత్తులకు మాత్రం పద్దు వుండదు. శ్రమశక్తిని కొనేవాడికి, ఆ శక్తి తీరిపోయిన మనిషి కంటికి ఆనడు. రాబోయే సమాజం మనిషికి చేసిన పనిని బట్టి కాక అవసరాన్ని బట్టి యిస్తుందని మార్క్సు 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ చెప్పాడు. అంటే ముసలివాణ్ణి, రోగిని, మంచం పట్టినవాణ్ణి చూసి "వీడివల్ల లాభమేమిటి?" అని అడగని సమాజం. అలాంటి సమాజాన్ని కోరుకునేవాళ్లం జబ్బుపడ్డ కుక్క ముందు నిలబడి అదే ప్రశ్న ఎలా అడగగలం? ఆ ప్రశ్న అలవాటయిన నోరు కుక్క దగ్గర ఆగదు.

అయితే కుక్కా మనిషీ సమానమా? కాదు. యిల్లు తగలబడుతుంటే ముందు బిడ్డను బయటకు తెస్తాం. అందులో వాదమేమీ లేదు. కాని యింటికి నిప్పంటుకోని మామూలు రోజుల్లో కూడా ఆ ఉదాహరణను పట్టుకుని, గిన్నెలో నీళ్లు పొయ్యకుండా వుండడానికి దాన్ని సాకుగా చెప్పడం నీతి కాదు. సమానం కాకపోవడం వేరు, అసలు లెక్కలోకే రాకపోవడం వేరు.

మరి కుక్కపట్ల మనకు యీ బాధ్యత ఎక్కడినుంచి వచ్చింది? అడవిలోని తోడేలుకు గుండెజబ్బు వస్తే మనం మాత్రలు పట్టుకుని వెళ్లం. కుక్క సంగతి వేరు. దాన్ని మనిషే తన బతుకులోకి తెచ్చుకుని, తరతరాలుగా తన చేతి తిండికి అలవాటు చేసి, తనమీద ఆధారపడేటట్లు తయారుచేశాడు. ఆధారపడేటట్లు చేసినవాడికి ఆధారమయ్యే బాధ్యత వుంటుంది. యిది కేవలం నీతిసూత్రం కాదు, చరిత్ర కూడా. 1914లో జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట రాతిగనిలో ఒక పురాతన సమాధి బయటపడింది. సుమారు 14,000 సంవత్సరాల కిందటిది. ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్లతోపాటు ఒక కుక్కపిల్ల. ఆ కుక్కపిల్ల పళ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక విషయం వెల్లడించారు. దానికి అయిదు నెలల వయసులో డిస్టెంపర్ అనే భయంకరమైన జబ్బు చేసింది. అయినా అది కొన్ని వారాలపాటు బతికింది. ఆ జబ్బులో కుక్క తనంతట తాను తినలేదు, తాగలేదు, ఒళ్లు శుభ్రం చేసుకోలేదు. ఎవరో ఒకరు నీళ్లు పట్టి, వెచ్చగా వుంచి, కడిగి వుంటేనే అన్నాళ్లు బతకడం సాధ్యమని వారి నిర్ణయం. అంత చిన్న రోగిష్టి పిల్ల వేటకూ పనికిరాదు, కాపలాకూ పనికిరాదు.

యిది మనం ఆలోచించదగ్గ విషయం. గాదెల్లేవు, మిగులు లేదు, రేపటి తిండికి భరోసా లేదు. అలాంటి మనుషులు పనికిరాని కుక్కపిల్లకు సేవ చేశారు. కనుక కుక్కకు సేవ చెయ్యడం తిన్నదరగనివాడి విలాసమనడం చరిత్రకు నిలవదు. విలాసం తరువాత వచ్చింది. దాన్ని తెచ్చింది మార్కెట్టు.

ఆ మార్కెట్టు సంగతి కూడా చూడాలి. లండనులో కెన్నెల్ క్లబ్బు 1873లో పుట్టింది. అప్పటినుంచీ కుక్కకు వంశవృక్షం, పోటీలు, బహుమతులు, ధర వచ్చినవి. ముఖం యింత పొట్టిగా, చెవి యింత పొడుగ్గా వుండాలని, దగ్గరి చుట్టాలతోనే సంపర్కం చేయించి జాతులను బిగించారు. దాని ఫలితం కుక్క గుండె అనుభవిస్తున్నది. కవలియర్ కింగ్ చార్లెస్ అనే ముద్దుల జాతిలో, పదేళ్లు వచ్చేసరికి కవాటం చెడని కుక్క అరుదు. డాబర్‌మన్ జాతిలో గుండెకండరం పలచబడి, గుండె సాగిపోయే జబ్బు వంశపారంపర్యంగా వస్తున్నది. అంటే ఏ జబ్బుకు మందిప్పించాలా అని మనం తర్జనభర్జన పడుతున్నామో, ఆ జబ్బులో కొంత భాగం సరుకుగా తయారుచేసే క్రమంలో పుట్టినదే. సరుకు పాడయితే మార్కెట్టు ఏం చేస్తుంది? పారవేస్తుంది. ముద్దుగా వున్నప్పుడు వేలు పోసి కొని, జబ్బు చెయ్యగానే బైపాసు రోడ్డు పక్కన వదిలి వచ్చేవాడు మార్కెట్టు నీతికి నమ్మకస్తుడు. మాత్ర వేసి రాత్రి వూపిరి లెక్కపెట్టేవాడు, తనకు తెలియకుండానే, ఆ నీతిని ఎదిరిస్తున్నాడు.

మన గుండెల బాగు కోసం కుక్క గుండె ఎంత చెల్లించిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. గుండెలోపంతో నీలిరంగుకు తిరిగే పసిబిడ్డలకు మొదటి ఆపరేషను 1944 నవంబరులో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో జరిగింది. బ్లేలాక్, టాసిగ్ అనే వైద్యులకు కీర్తి వచ్చింది. ఆ శస్త్రచికిత్స విధానాన్ని కుక్కలమీద సాధించినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతివాడు. కాలేజీ చదువుకు దాచుకున్న డబ్బు ఆర్థికమాంద్యంలో పోగొట్టుకున్న వడ్రంగి. ప్రయోగశాలలో శస్త్రవైద్యుడి పని చేస్తున్నా, చాలాకాలం అతని జీతం వూడ్చేవాడి తరగతి జీతం. ఆపరేషను జరుగుతున్నప్పుడు బ్లేలాక్ వెనక నిలబడి, కుట్టు ఎలా వెయ్యాలో చెప్పినవాడతను. 1945లో అచ్చయిన వైద్యవ్యాసంలో అతని పేరు లేదు. 1976లో గాని ఆ సంస్థ అతనికి గౌరవ డాక్టరేటు యివ్వలేదు. తరువాత 1958లో, మనిషి శరీరంలో అమర్చే పేస్‌మేకరుకు దారితీసిన గ్రేట్‌బాచ్ పరికరాన్ని కూడా మొదట కుక్క గుండెమీదనే పరీక్షించారు. కుక్కనూ నల్లజాతి పనివాణ్ణీ ఒకే గదిలో వుంచి, యిద్దరివద్దా తీసుకోవలసింది తీసుకుని, యిద్దరి పేర్లూ తలుపు బయట రాయకపోవడం కాకతాళీయం కాదు. కొలబద్ద ఒకటే.

యీ కొలబద్ద మన దేశంలో వర్ణవ్యవస్థ చేతిలో యింకా కరుకుగా పనిచేసింది. చండాలుడికి కుక్కలూ గాడిదలే ధనమని మనుస్మృతి శాసించింది. హీనుడన్నవాడి పక్కన హీనమన్న ప్రాణిని కట్టి, ఒకరి మైలతో మరొకరిని కొలిచింది. "కుక్క" అనే తిట్టులో వున్న విషమంతా అక్కడిదే. కనుకనే ఆ వ్యవస్థమీద తిరగబడ్డవాడికి కుక్క ఆయుధమయింది. మన జిల్లాల పాలకుర్తివాడుగా మనం చెప్పుకునే సోమనాథుడి బసవపురాణంలో ఒక శివభక్తుడు కుక్కచేత వేదం చదివిస్తాడు. వేదం చదివే హక్కు తమదేనన్నవారికి అంతకంటె పెద్ద చెంపదెబ్బ లేదు. 1941లో జాషువా తన కావ్యనాయకుడి గోడు వినడానికి ఒక గబ్బిలాన్ని పిలవవలసి వచ్చింది; వినవలసిన మనుషులు చెవులు మూసుకున్నారు గనుక.

తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. గొప్ప ఘట్టం. కాని చివరికి ఆ కుక్క కుక్క కాదని, మారువేషంలో వున్న ధర్మదేవత అని తేలుతుంది. కుక్కను కుక్కగానే గౌరవించే ధైర్యం కథకు చాలలేదు. ఆ ధైర్యం 1852లో తుర్గేనెవ్‌కు వచ్చింది. ఆయన "ముము" కథలో గెరాసిం అనే మూగ దాసుడికి వున్నది ఒక్క కుక్క. దాని మొరుగుడు యజమానురాలి నిద్రకు అడ్డమయింది. ఆజ్ఞ ప్రకారం గెరాసిం దాన్ని తన చేతులతోనే నీటిలో ముంచుతాడు. ప్రేమించే హక్కు కూడా సొత్తున్నవాళ్లదేనని దాస్యవ్యవస్థ చెబుతున్నది. పేదవాడు కుక్కను పెంచుకుని దానికి మందిప్పిస్తే "నీకెందుకురా యిది?" అనే గొంతులో ఆ యజమానురాలి గొంతు లేదా?

యింతకంటె సూటిగా మనకు తగిలే సంఘటన రోజా లక్సెంబర్గ్ 1917 డిసెంబరులో బ్రెస్లా జైలునుంచి సోఫీ లీబ్‌క్నెక్ట్‌కు రాసిన వుత్తరంలో వుంది. యుద్ధంలో పట్టుకొచ్చిన రుమేనియా దున్నలు బరువు బండి లాగలేక నిలిస్తే, ఒక సైనికుడు వాటిని నెత్తురు కారేటట్లు కొట్టాడు. నీకు జాలి లేదా అని జైలు ఉద్యోగిని అడిగితే, మనుషులమైన మామీద మాత్రం ఎవరికి జాలి వుందని అతను బదులిచ్చాడు. కాజీపేట పక్కింటాయన మాటా, ఆ సైనికుడి మాటా ఒక్కటే. తనకు అందని జాలిని తనకంటె కిందివాడికి అందనివ్వకపోవడం – పీడన పైనుంచి కిందికి దిగే మార్గం అదే. ఆ విప్లవకారిణి దున్నకోసం ఏడ్చినందువల్ల ఆమె విప్లవం కొంచెమైనా తగ్గలేదు.

అయితే కుక్కను ప్రేమించే ప్రతివాడూ మానవతావాది అని దీనర్థం కాదు. ఆ ప్రేమకు పరీక్షలున్నవి. మొదటిది, ఆ సేవ ఎవరి శ్రమ? కుక్కకు ఎకో తీయించే యింట్లో, దాన్ని తిప్పే పనిమనిషి ఛాతీనొప్పి అంటే జీతం కోసేట్లయితే, ఆ యింట్లో వున్నది దయ కాదు, సొత్తుమీద మమకారం. రాత్రి వూపిరి లెక్కపెట్టడం యింటి ఆడమనిషి వంతు, కుక్కతో ఫొటో దిగడం మగవాడి వంతు అయితే అదీ పాత కథే. రెండవది, ఆ ప్రేమ గుమ్మం దాటుతుందా? వీధికుక్కకు బిస్కెట్టు వేసి, అది కరచిన బిడ్డను మరచేది దయ కాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం నిలవడం దాదాపు అసంభవం. వీధికుక్కలకు సంతాననిరోధ ఆపరేషన్లు, టీకాలు చేయించే బాధ్యతను 2001 నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ స్థానికసంస్థలమీద పెట్టినవి. అది అమలు జరగాలని మునిసిపాలిటీ ముందు నిలబడడం కుక్కల ప్రేమికుడికీ, కాజీపేట పిల్లవాడికోసం దుఃఖపడ్డవాడికీ ఉమ్మడి కర్తవ్యం. మూడవది, ఎప్పుడు ఆపాలో తెలియడం. మాత్రలు పనిచెయ్యక, పడుకుంటే వూపిరాడక, కుక్క రాత్రంతా మెడచాచి కూచునే దశ వస్తుంది. అప్పుడు కూడా "నేను వదులుకోలేను" అని లాగడంలో "నేను" తప్ప కుక్క లేదు. బాధలేని మరణం యిప్పించడం కూడా సేవలో భాగమే.

యింకొక ప్రశ్న మిగిలింది. మందుకు డబ్బు లేనివాడి కుక్క సంగతేమిటి? మన పశువైద్యశాలలు ప్రధానంగా పాడికీ సేద్యానికీ పనికివచ్చే పశువులకోసం ఏర్పడినవి. అక్కడా ఉపయోగమే కొలబద్ద. మనకు మామునూరులో పశువైద్య కళాశాల వున్నది. అలాంటి చోట్ల పేదవాడి కుక్కకు కూడా గుండెపరీక్ష చౌకగా జరగాలనీ, మనిషికీ కుక్కకూ పనికివచ్చే నీటిమాత్రవంటి మందులు అందరికీ అందే ధరలో వుండాలనీ అడగడంలో తప్పేమీ లేదు. పక్కింటాయనతో మనం చెప్పవలసింది యిదే: కుక్క మాత్ర లాక్కుంటే నీకు మాత్ర రాదు, యిద్దరికీ కలిపి అడగవలసినచోట అడుగుదాం.

పనికిరాని ప్రాణికి బతుకెందుకు అన్న ప్రశ్నను యజమానులు తరతరాలుగా అడుగుతూనే వున్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం మన పని కాదు. దాన్ని మిల్లు గేటు దగ్గర గాని, ఆసుపత్రి మంచం దగ్గర గాని, కుక్క గిన్నె దగ్గర గాని అడగనివ్వకుండా చెయ్యడమే మన పని.